కోరినవారు విడవలూరు నుంచి

అయినా పోయినవాళ్ళ పేరు రాస్తే అది అబద్ధమెట్లా అవుతుంది, రేషన్ కార్డులో ఉంచితే తప్పు, ఓటు వేయిస్తే తప్పు, పాట కోరడానికి కూడా మనిషి బతికే ఉండాలా, అని ఆమినాబీ కిటికీ పక్కన కూర్చుని తనతో తానే వాదించుకుంటోంది, వాదనలో గెలుస్తోంది కూడా, గెలిచినా బెంగ మాత్రం తీరడం లేదు, బస్సు విడవలూరు దాటింది, రొయ్యల గుంటల్లో గాలి కొట్టే చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి, పదకొండుకల్లా నెల్లూరు రేడియో స్టేషన్‌లో ఉండాలి, గురువారం కోరిన పాటల్లో శ్రోతల పేర్లు చదివే షారన్ ఫోన్ చేసి పిలిచింది, అమ్మా, వినేదంతా ముసలోళ్ళే, వాళ్ళూ తగ్గిపోయినారు, ఈ అరగంట దేనికి అంటున్నారు పైవాళ్ళు, మీ విడవలూరు శ్రోతల సంఘమొక్కటే పందొమ్మిది మంది అని కాయితం తయారు చేసినాను, కార్యదర్శిగా మీరొచ్చి సంతకం పెడితే ప్రోగ్రాం నిలబడతాది, మొన్నటి కార్డులో నాలుగు పేర్లే ఉన్నాయి, తొందరలో రాసినట్టున్నారు, పరవాలేదులే అన్నది, ఆ పిల్ల గొంతులో అంత ఆశ వినేసరికి ఆమినాబీ వస్తానులే అనేసింది, తొందర కాదు తల్లీ, ఉన్నదే నలుగురం అని ఆ క్షణాన చెప్పేసి ఉంటే ఈ ప్రయాణమే ఉండేది కాదు.

నలుగురంటే తను, చర్చి పెద్ద గిద్యోను, సెట్టుకు చెవి ఆనించి వినే రాఘవమ్మ, గుంటల కాపలా మాల్యాద్రి, మిగతా పదిహేను మందీ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు, ముందు పోయింది ముత్యాలయ్యన్న, ఉప్పు కొఠార్లలో పనిచేసి కాళ్ళు పగిలిన మనిషి, పాట వస్తుంటే ఆ కాళ్ళే తాళం వేసేవి, ఆ వారం కార్డు రాస్తూ మూడో పేరు దగ్గర కలం ఆగింది, పక్కనే ఉన్న బడేసాహెబ్, రాయవే, ఆయన పేరు లేకుంటే పేర్ల వరసే తప్పిపోతాది అన్నాడు, రాసింది, ఒక్క వారమే గదా అనుకుంది, ఆ తర్వాత ఆ వారాలకు అంతు లేకపోయింది, ఆఖరికి బడేసాహెబ్ కూడా వెళ్ళిపోయాడు, కట్టుకున్నవాడి పేరు తన చేత్తో కొట్టెయ్యమంటే ఎవరి వల్ల అవుతుంది, గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకు, కోరినవారు విడవలూరు నుంచి బడేసాహెబ్, ఆమినాబీ, అని ఇద్దరి పేర్లూ కలిపి వినిపిస్తే ఆ పూట అన్నం సయించేది, అంతే, అంతకన్నా పెద్ద దురాశేమీ లేదు, కానీ ఇన్నాళ్ళూ రేడియోలో విని ఊరుకున్న గిద్యోనన్న కిందటివారం తను కార్డు రాస్తుండగా చూశాడు, ఏందక్కా ఇది, సమాధిలో ఉన్నోళ్ళ చేత పాటలడిగిస్తుండావే, దేవుడికి తెలీదనుకున్నావా అన్నాడు, ఆయన మెల్లగానే అన్నాడు, తనకే దొంగకు తేలు కుట్టినట్టయింది, ఆ రాత్రే కొత్త కార్డు తీసి నాలుగు పేర్లు రాసింది, నాలుగు పేర్లకు కార్డులో సగం కూడా నిండలేదు, మిగిలిన ఖాళీ చూసి ఏడుపొచ్చింది.

ఇప్పుడు నిజం చెబితే ప్రోగ్రాం పోతుంది, నలుగురు ముసలివాళ్ళ కోసం ఎవరు నడుపుతారు, చెప్పకుండా సంతకం పెడితే రేపెవరైనా విచారిస్తే ఆ పిల్ల ఉద్యోగానికే ముప్పు, షారన్ ఏం పాపం చేసిందని, వద్దు, చెప్పేయాలి, మొహం మీదే చెప్పేయాలి, అరగంట పోతే పోనీ, అనుకుంటూనే ఆ అరగంట లేని గురువారం ఎట్లా ఉంటుందో తలచుకోలేక కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది, అమ్మా, ఆధార్ చూపించు, అన్న గొంతు విని ఉలిక్కిపడింది, కండక్టరమ్మ, ఆడవాళ్ళకు టికెట్ డబ్బుల్లేకపోయినా కార్డు చూడాలి గదా, సంచీలోంచి తీసి ఇచ్చింది, ఆ పిల్ల కార్డు చూసి మెషీను మీద వేలు ఆపేసింది, మళ్ళీ చూసింది, ఆమినాబీ, విడవలూరు, అని పైకి చదివింది, రేడియోలో వచ్చే ఆమినాబీ నువ్వేనా అత్తా అంది, అయిపోయింది, స్టేషన్ దాకా పోనక్కర్లేదు, బస్సులోనే పట్టుబడ్డాననుకుంది ఆమినాబీ.

నేను లిల్లీని అత్తా, ముత్యాలయ్య కోడల్ని, టైటస్ భార్యని, కోవూరులో ఉంటాం, అంది ఆ పిల్ల, చెప్పి అట్లాగే నిలబడి గొంతు తగ్గించి, మొన్న మా మామ పేరెందుకు తీసేసినావత్తా, అంది, ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువుంది, ప్రతి గురువారం ఫోన్‌లో రేడియో పెట్టుకుంటాం, డ్యూటీ ఉంటే చెవిలో పెట్టుకొని వింటా, మా పిల్లోళ్ళు మీ పేర్లన్నీ సండేస్కూలు వాక్యాల మాదిరి వరసగా అప్పజెప్తారు, మూడోది వాళ్ళ తాత, మొన్న రాకపోయేసరికి చిన్నది అన్నం మానేసి కూర్చునింది, మా ఆడబిడ్డ గూడూరు నిమ్మకాయల మార్కెట్ నుంచి ఫోన్ చేసింది, నాన్న పేరు రాలేదేంది వదినా అని, వాళ్ళింట్లోనూ వింటారు, ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా వారానికోసారి ఆ పేరు చెవిన పడతా ఉంటే ఇంట్లో ఉన్నట్టే ఉండేది, అంటూ కళ్ళు తుడుచుకుని, వెనక ఎవరో పిలిస్తే ఇదిగో వస్తుండా అని అరిచింది, మరి మీరు స్టేషన్‌కి ఒక్క కార్డు ముక్కైనా రాయలేదేమే పిల్లా, అని అడిగింది ఆమినాబీ, మేమెందుకు రాయడం, మా అందరి బదులూ నువ్వు రాస్తుండావు గదా, అంది లిల్లీ, అంత మామూలుగా అనేసి వెనక సీట్లవైపు వెళ్ళిపోయింది.

పెన్నా వంతెన వచ్చింది, గాలి కొట్టింది, ఆమినాబీకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ఎంత మతిలేనిదాన్ని, పోయినవాళ్ళను ఒక్కొక్కరినే మనసులో లెక్క తీసేసుకుంటూ వచ్చాను గానీ వాళ్ళ గుమ్మాల్లోకి ఒక్కసారైనా తొంగి చూశానా, రాసేవాళ్ళు నలుగురైతే వినేవాళ్ళూ నలుగురే అనుకున్నాను, షారన్ కూడా కార్డులో పేర్లనే లెక్కేస్తోంది, పైవాళ్ళూ అంతే, పందొమ్మిది అనే కాయితం మీద సంతకం పెట్టను, చింపేయమంటాను, పదిహేను మంది లేరు తల్లీ, అని మొహం మీదే చెబుతాను, చెప్పి ఒక్క నెల గడువడుగుతాను, ఆ పదిహేను ఇళ్ళకూ పోతాను, కోవూరైనా గూడూరైనా బస్సు ఊరికేనే గదా, ఎవరు వింటున్నారో వాళ్ళ పేర్లు వాళ్ళ చేతే రాయిస్తాను, కొన్ని ఇళ్ళలో ఎవరూ వినకపోవచ్చు, సరే, అదీ ఉన్నదున్నట్టే రాస్తాను, లిల్లీ, మీ పిల్లల పేర్లు చెప్పవే, అని పిలవడానికి వెనక్కి తిరిగింది, తిరుగుతూ ఉండగా తట్టింది, ఇన్నేళ్ళూ ఆ పేర్లు తను పోయినవాళ్ళ కోసం రాస్తున్నాననుకుంది, ఉన్నవాళ్ళు వింటున్నారు.