తోలినవాడి వాటా

ఉప్పు మూట చల్లారగానే ఉంగ దాన్ని మళ్లీ పెంకు మీద పెట్టాడు. పాత చీరపేలికలో గుప్పెడు కల్లుప్పు, కింద నిప్పులు, వాకిట్లో చాపిన కుడికాలు. పది నిమిషాలు కాపడం, ఆ తర్వాత మోకాలిని ఇరవైసార్లు ముడవడం, ఇరవైసార్లు చాపడం. నాలుగేళ్లుగా ఏ ఊళ్లో తెల్లవారినా ఇదే పని. కోళికోడ్‌లో గ్యాసుపొయ్యి మీద, ఐజ్వాల్‌లో చలికి పెట్టుకునే హీటరు మీద ఇలాంటి మూటే వేడెక్కింది. ఇక్కడ సొంత వాకిట్లో, కట్టెల మంట మీద వేడెక్కుతోంది. తేడా అంతే.

ఐదడుగుల ఐదంగుళాల మనిషి. నడుము పైన చూస్తే మద్దేడ్ సంతలో చింతపండు అమ్ముకునే వాళ్లలో ఒకడు, ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. నడుము కింద కథ వేరు. తొడలు ఇప్పటికీ ఇరవై ఏళ్లవాడివే, పిక్కలు రాయిలా బిగిసి ఉంటాయి. మోకాళ్ల దగ్గర మాత్రం ముప్పై ఏడేళ్లూ ఒక్కసారే బయటపడతాయి. కుడి మోకాలి పక్కన రెండు కుట్ల మచ్చలు, ఒకటి కలకత్తాది, ఒకటి బెంగళూరుది. బొటనవేళ్ల గోళ్లు నల్లబడి రాలిపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ నల్లబడ్డాయి. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చింది లుధియానాలో ఎవరిదో మోచెయ్యి. ఆ మోచేతి మీద అతనికి కోపం లేదు. ఆ రోజు బంతి మాత్రం తనకే దక్కింది.

ముయె అప్పుడే అడవి నుంచి వచ్చింది. తల మీది బుట్టను దించి, ఇప్పపువ్వును వాకిట్లో ఒక పక్కన ఆరబోసింది. చీర కుచ్చిళ్లకు అంటిన ఆకులు దులుపుకుంటూ మొగుడి మోకాలి వైపు చూసింది.

"ఏంది, ఇంక పట్టేసే ఉందా?"

"కొంచెం వదిలింది."

"ఈయాల ఎంతసేపు ఆడ్తవ్?"

"నలభై నిమిషాలు. ఆపైన ఒప్పుకోదు."

"ఆటెంతసేపు?"

"అరవై."

ముయె వేళ్ల మీద లెక్క వేసుకుంది. "ఆ నలభై చూస్త," అంది.

ఉంగ ముడిచిన మోకాలిని చాపడం మరిచిపోయాడు. పెళ్లయి పదహారేళ్లు, ముయె అతని ఫుట్‌బాల్ ఆట ఒక్కసారి కూడా చూడలేదు. అతను ఆడింది గోవాలో, కలకత్తాలో, షిల్లాంగ్‌లో. ఈమె ఇక్కడ వరినాట్లు, తునికాకు, ఇప్పపువ్వు. ఒక్కసారి మద్దేడ్‌లో శ్రీరంగం సేటు దుకాణం టీవీలో అతని మ్యాచ్ వస్తుందంటే నాలుగు మైళ్లు నడిచి వెళ్లి, ఉల్లిగడ్డల బస్తా మీద రెండు గంటలు కూర్చుంది. టీవీ వాళ్లకు బంతి కావాలి, గోలు కావాలి. బంతి వదిలేశాక ఉంగ ఏం చేస్తాడో వాళ్లకు అక్కర్లేదు. ఆమెకు మొగుడి వీపు మాత్రం నాలుగు క్షణాలు కనిపించింది. మీ ఆయన ఏం చేసిండని దారిలో ఆడవాళ్లు అడిగితే, "బాగ నిలబడ్డడు" అని చెప్పిందట. ఆ మాట మీద ఊరంతా ఏడాదిపాటు నవ్వుకున్నారు.

ఊరిని తప్పుపట్టడానికీ లేదు. పందొమ్మిది సీజన్లు, ఏడు రాష్ట్రాలు, పదకొండు క్లబ్బులు తిరిగినవాడు ఎన్ని గోల్స్ కొట్టాడంటే ఆరు. అందులో ఒకటి సొంత గోల్లోకే వెళ్లింది, అది కూడా కలిపితేనే ఆరు. జగదల్‌పూర్ హాస్టల్లో పీటీ మాస్టారు పన్నెండేళ్ల ఉంగను మైదానం నట్టనడుమ నిలబెట్టి, "ఇక్కడి నుంచి కదలకు, అందరినీ కదిలించు" అన్నాడు. ఆ నడుమనే అతని జీవితం గడిచింది. వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకోవాలి, ముందువాళ్లకు ఇవ్వాలి. ఇచ్చాక మళ్లీ తీసుకోవడానికి పరుగెత్తాలి. మిడ్‌ఫీల్డర్ పని బాగా సాగిన రోజున చప్పట్లు వేరేవాళ్లకు వెళ్తాయి.

అయినా క్లబ్బులు పిలుస్తూనే ఉన్నాయి. దానికి ఒక కారణం అతని కాళ్లయితే, రెండోది అతని నోరు. ఇంట్లో దోర్లీ, పొరుగూళ్లలో గోండి, సంతలో హల్బీ, బడిలో హిందీ, శ్రీరంగం దుకాణంలో తెలుగు. పదేళ్లు నిండేసరికే ఐదు భాషలు వచ్చినవాడికి ఆరోది ఒక లెక్కా? ఏ క్లబ్బులో దిగినా వారం తిరిగేలోపు అక్కడివాళ్ల మాటలు నాలుగు పట్టేసేవాడు: వెనక మనిషున్నాడు, తొందరలేదు, ఇటివ్వు, తిప్పు. మలయాళం కుర్రాడు మణిపూర్ కుర్రాడికి చెప్పలేనిది ఇద్దరి నడుమ నిలబడి ఉంగ చెప్పేవాడు. ఒక్క జట్టు నుంచి కూడా తిట్టించుకుని బయటికి రాలేదు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా అతనికి ఛాతీ నిండుగా ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు, చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

అందుకే ఇవాళ్టి ఆట అతనికి కావాలి. క్లబ్బులతో ఒప్పందాలు అయిపోయాయి, మోకాలు కూడా అయిపోవచ్చింది. పందొమ్మిదేళ్లు తను చేసిన పని ఏమిటో ముయె ఒక్కసారి చూడాలి. అంతకంటే ఇంకేం అడగడం లేదు.

మద్దేడ్ మైదానం హైవే పక్కనే. లారీలవాళ్లు బళ్లు ఆపి మరీ చూస్తున్నారు. గెలిచిన జట్టుకు ఇనాము మేకపోతు. దాన్ని గోలుపోస్టుకు దూరంగా వేపచెట్టుకు కట్టేస్తే, తనకేమీ పట్టనట్టు ఆకులు నములుతోంది. మైకు శ్రీరంగం చేతిలో ఉంది. తాతల కాలంలో గోదావరి దాటి వచ్చిన కోమట్ల ఇంటివాడు, నూనెడబ్బాల వెనక కూర్చుని ఊరందరి సంగతులూ తెలుసుకునే మనిషి. ఉంగ కనిపించగానే మైకు పక్కకు పెట్టి పలకరించాడు.

"తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటరు. కాలు నీది, నోరు నాది. ఇద్దరం ఒక్క మైదాన్ల దొరికినం గదరా ఈయాల."

"నీ నోటికి మోకాలి నొప్పి లేదు సేటూ, నీదే అదృష్టం."

శ్రీరంగం నవ్వి మైకు అందుకున్నాడు. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, హల్బీలో ఒకసారి, దేశమంతా తిరిగి వచ్చిన ఉంగ ఇవాళ భోపాల్‌పట్నం జట్టు మీద ఐదు గోల్స్ కొట్టబోతున్నాడని చాటించాడు. ఉంగ తల వంచుకుని బూట్ల తాళ్లు బిగించుకున్నాడు.

దానికి తోడు సొంత జట్టు ఇంకో పని చేసింది. కెప్టెన్ మంగల్ ట్రాక్టర్ నడుపుతాడు, మంచి ఉరుకు ఉన్న కుర్రాడు. వాళ్ల ఊళ్లో వేటకు పోతే అందరికంటే గురి ఉన్నవాణ్ని ముందు నిలబెడతారు. ఆ లెక్కనే మంగల్ ఉంగను గోలు ముందు నిలబెట్టి, తను నడుమకు వచ్చేశాడు. పెద్దరికం ఇచ్చానని అతని సంతోషం. ఉంగ కాదనలేక ఐదు నిమిషాలు అక్కడ నిలబడ్డాడు. ఒక్క బంతి రాలేదు. ఆరో నిమిషంలో నెమ్మదిగా వెనక్కి నడిచి, తనకు తెలిసిన చోటికి చేరుకున్నాడు.

"ముందుకు పోరా, ఎనక్కి ఉరుకుతవేంది?" గట్టు మీంచి ఎవరో అరిచారు. ఆడవాళ్ల గుంపులోంచి నవ్వులు వినిపించాయి. ఆకుపచ్చ చీరలో ముయె అందరికీ ముందు, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పక్కన నిలబడ్డ పొరుగింటి హుంగే ఆమె చెవిలో ఏదో అంది. ముయె తల తిప్పలేదు.

మొదటి అరగంట గోలు లేకుండానే గడిచింది. ఉంగ దగ్గరికి వచ్చిన ఏ బంతీ అవతలివాళ్లకు చిక్కలేదు. అది ఎవరికీ కనిపించలేదు. విరామంలో మంగల్ నీళ్లడబ్బా అందిస్తూ బతిమాలాడు.

"దాదా, జనం నన్ను తిడ్తున్నరు. నువ్వు ముందు నిలబడు."

"మంగల్, నా మాట విను. నువ్వు కుడిదిక్కు గీత పట్టుకొని ఉండు. బంతి కోసం ఇటు రాకు. అదే నీ తానికి వస్తది."

"ఎప్పుడొస్తది?"

"వచ్చినప్పుడు."

నలభయ్యో నిమిషం దాటింది. మోకాలిలో సన్నగా, సూది దిగినట్టు మొదలైంది. ఉంగ దాన్ని పట్టించుకోకుండా బంతిని ఎడమ వైపుకే ఆడసాగాడు. ఒకసారి ఇచ్చి తీసుకున్నాడు, రెండోసారి ఇచ్చి తీసుకున్నాడు, మళ్లీ ఎడమకే. భోపాల్‌పట్నం వాళ్లకు ఒళ్లు మండింది. వాళ్ల డిఫెండర్ కమలేష్ తన చోటు వదిలి వచ్చాడు, వాడి వెనక ఇంకొకడు, ఆ తర్వాత ఇంకొకడు. ముగ్గురూ మీద పడుతుండగా ఉంగ నడుం ఒక్కసారి అటు వంచి ఇటు తప్పుకున్నాడు. ఎదురుగా గోలు. గోలీ తప్పు వైపు ఉన్నాడు. ఇరవై గజాలు.

కొట్టొచ్చు. పదిసార్లు కొడితే నాలుగుసార్లు పడుతుంది. కుడి గీత మీద మంగల్ ఒక్కడే ఉన్నాడు, వాడికిస్తే పదికి తొమ్మిది. ఈ లెక్క వేయడమే అతని బతుకు. కానీ ఆకుపచ్చ చీర ఆ గోలు వెనకే ఉంది. ఊరికి తెలిసిన భాషలో ఒక్క మాట చెప్పే అవకాశం పందొమ్మిదేళ్లకు వచ్చింది, మళ్లీ రాదు. అతనికి నిజంగా కొట్టాలనిపించింది, ప్రాణం లాగినట్టు అనిపించింది.

బంతిని కుడివైపుకు ఇచ్చేశాడు.

మంగల్ పరుగు ఆపకుండానే కాలు పెట్టాడు. గోలు పడింది. మైకులో శ్రీరంగం గొంతు మూడు భాషల్లోనూ బొంగురుపోయింది. జనం గీత దాటి వచ్చి మంగల్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఉంగ వంగి మోకాలు పట్టుకున్నాడు. లోపల ఏదో తెగినట్టు తెలుస్తోంది. చెయ్యెత్తి సైగ చేసి, వేరొకణ్ని లోపలికి పంపి, కుంటుతూ బయటికి నడిచాడు. ఆ సందట్లో అతను మైదానం దాటడం ఎవరూ గమనించలేదు. మిగిలిన పావుగంట గట్టు మీద కూర్చుని చూశాడు. ముయె ఏం చూసి ఉంటుంది? బాగా నిలబడ్డాడు అనుకుంటుంది, మళ్లీ అంతే.

ఒక గోలుతో మంగల్ జట్టు గెలిచింది. ఎండ వాలకముందే మేకపోతును కోసి, టేకాకులు పరిచి, వాటాలు వేయడానికి పెద్దమనిషి నంద కూర్చున్నాడు. అడవిలో వేటలు ఇప్పుడు లేవు, ఉన్నా ఎవరూ చెప్పరు. పంపకం పద్ధతి మాత్రం ఇనాము మేకల మీదికి దిగింది. గోలు కొట్టినవాడికి బాణం వేసినవాడి వాటా, అంటే వెనక తొడ. తక్కినది అందరికీ సమానం. నంద తొడను పక్కకు తీసి మంగల్‌ను పిలిచాడు. మిగతా మాంసం కుప్పలు పెట్టబోయాడు.

"నంద మామా, తోలినోని వాటా తియ్యలే."

వాటాల దగ్గర ఆడవాళ్లు మాట్లాడరు. అందరూ ముయె వైపు తిరిగారు. నంద కత్తి దించి తల ఎత్తాడు.

"ఇది ఆట గద ముయె. వేటైతే తోలెటోడు ఉంటడు, జంతువును పొదల్లకెల్లి తిప్పి బాణం ముందలికి తెస్తడు. ఇందుల యాడుంటడు?"

"ఉన్నడు. మీరందరు బంతిని చూసిన్రు. నేను దాన్ని చూడలే, ఈయన్నే చూసిన." ముయె గొంతు పెంచలేదు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "బంతి రాకముందే రెండు దిక్కుల ఎనక్కి చూస్తడు. ఇప్పచెట్టు కింద వంగేముందు ఎలుగ్గొడ్డు ఉన్నదేమో అని మనం చూసుకుంటం గద, అట్ల. ప్రతిసారి చూసిండు, ఒక్కసారి తప్పలే. ఆ ముగ్గురిని ఎడమమూలకు తోలుకపోయిండు. కుడిదిక్కు ఖాళీ చేసి మంగల్‌కిచ్చిండు. తనే కొట్టొచ్చు, కొట్టలే."

గోవాలో ఒక కోచ్ రెండేళ్లపాటు అడిగాడు ఉంగను, ఆ చూపు నీకు ఎవరు నేర్పారని. ఎవరూ నేర్పలేదని చెప్పి ఊరుకున్నాడు. చిన్నప్పుడు చీకటితో లేచి అమ్మ వెనక ఇప్పపువ్వు ఏరడానికి పోయేవాణ్నని అతనికి అప్పుడు తోచలేదు. తన ఆట గురించి పదకొండు క్లబ్బుల్లో ఎవరూ ఇంత సరిగ్గా చెప్పలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగితే దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"వదిన చెప్పింది నిజమే," అన్నాడు మంగల్. "నేను కాలు పెట్టిన, అంతే."

నంద ఉంగ ముఖంలోకి చూశాడు. తర్వాత కత్తి అందుకుని, రొమ్ముభాగాన్ని గుండెకాయతో సహా కోసి పెద్ద టేకాకులో పెట్టాడు. లేచి నిలబడ్డాడు. "మడకం ఉంగ, తోలినోడు," అని గట్టిగా పిలిచాడు. ఆ పిలుపు హైవే దాకా వినిపించింది. శ్రీరంగం ఏమనుకున్నాడో, మైకులో అదే మాట మళ్లీ అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు.

ఉంగ రెండు చేతులతో ఆకు అందుకున్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. రచ్చలో పందొమ్మిదేళ్లు ఆడినవాడు ఇంట గెలిచిన రోజు ఇది. తల నిటారుగా ఎత్తి, చుట్టూ ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

వాటా తీసుకున్నవాణ్ని పెద్దమనిషి అడిగే మాట ఒకటుంది. నంద అడిగాడు.

"మళ్ల వస్తవా?"

వస్తానని అందరూ అంటారు, అనాలి. ఉంగ నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు. "రాను మామా. నాది అయిపోయింది."

నంద సరేనన్నాడు. ఇక వేటకు రానన్న మనిషి తన కర్రను వాటాలు వేసిన చోటే వదిలి వెళ్లాలి. దాన్ని ఎవరూ అడిగి తీసుకోరు, వెనక్కి ఇవ్వరు. ఉంగ దగ్గర కర్ర లేదు. జెర్సీలు క్లబ్బులవి, బూట్లు ఏడాదికో జత మారాయి. కాసేపు ఆలోచించి నేల మీద కూర్చున్నాడు. మేజోళ్లు కిందికి దించి, దెబ్బ తగలకుండా మోకాళ్ల కింద కట్టుకున్న షిన్ గార్డులు విప్పాడు. మొదటి సీజన్లో కలకత్తా ఫుట్‌పాత్ మీద కొన్నవి, పదకొండు క్లబ్బుల్లోనూ మారనివి అవే. వాటిని పక్కపక్కన పెట్టి, చేతులు నేలకు ఆన్చి లేవబోతే ముయె భుజం పట్టి లేపింది.

ఆకుపొట్లాన్ని ఆమె తల మీద పెట్టుకుంది. ఇద్దరూ హైవే పక్కన ఊరి వైపు నడిచారు, ఆమె అతని కుంటుకు తగ్గట్టు మెల్లగా.

"ఆకలైతుందా?" అని ముయె అడిగింది.

"మస్తు ఆకలైతుంది," అన్నాడు ఉంగ.

జనం వెళ్లిపోయారు. తడిసిన టేకాకుల పక్కన, తొక్కుడుపడిన గడ్డి మీద ఆ రెండు ప్లాస్టిక్ పలకలు మిగిలాయి, కుడిదాని మీద కోళికోడ్‌లో ఎవరి బూటో దిగిన లోతైన గీత, లోపలివైపు పందొమ్మిదేళ్ల చెమటకు పసుపెక్కిన స్పాంజి.