అనుమానం లెక్కలోకి రాదు

సంచి జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. తల్లి దాన్ని మోకాలితో అదిమిపట్టి, పక్కనుంచి ఇంకో తువ్వాలు కుక్కింది. చొక్కాలు, దుప్పటి, సబ్బు, దువ్వెన, బిస్కెట్ పొట్లాలు, తలనొప్పి మాత్రలు అప్పటికే లోపలున్నాయి. కొడుకు లారీ ఎక్కిన ప్రతిసారీ ఆ సంచి సర్దింది ఆవిడే. ప్రతిసారీ ఏదో మర్చిపోయానని బెంగపడిందీ ఆవిడే.

"నాలుగు రోజుల్లో వచ్చేస్తానమ్మా. నన్నేదో కాపురానికి పంపుతున్నట్టు సర్దుతావేంటి?" అన్నాడు చంటోడు. ముప్పై దాటినా, పద్నాలుగు చక్రాల బండి తోలుతున్నా, ఇంట్లో అతని పేరు చంటోడే.

"స్కాను తీయించుకుని వెళ్లరా. మంగళవారమేగా రమ్మన్నారు."

"మంగళవారం దాకా ఓనరు నా కోసం కూచుంటాడా? బండి ఇంకొకడి చేతిలో పెట్టేస్తాడు. వచ్చాక తీయించుకుంటాలే."

గుమ్మంలో నిలబడ్డ కోడలు గొంతు సవరించుకుంది. "పోనీ, అత్తయ్య చెప్పినట్టు చేయండి. ఒక్క ట్రిప్పు మానేస్తే కొంప మునగదు."

"లెక్కలోకి రాదని చెప్పింది నువ్వేగా?"

"అది కాగితం మాట."

"ఆ కాగితం మాటకేగా నీకు ఉద్యోగం ఇచ్చారు. ఉత్త మాటకి ఎవరైనా ఉద్యోగం ఇస్తారా?"

తల్లి ఆ మొహం వైపూ ఈ మొహం వైపూ చూసి, జిప్పు చివరిదాకా లాగింది.

కోడలికి ఉద్యోగం రావడం ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఇంట్లో కూచుని, ఎవరో చెప్పగా మెడికల్ కోడింగు నేర్చుకుంది. అదేమిటని అత్తగారు అడిగితే ఓపిగ్గా చెప్పింది. డాక్టరు రోగిని చూసి రాసిన కాగితం చదవాలి. అందులో ఉన్న ప్రతి జబ్బుకీ, ప్రతి బాధకీ ఒక గుర్తు ఉంటుంది, అక్షరమూ అంకెలూ కలిపి. అది వెతికి వేయాలి. ఆ గుర్తులు చూసి బీమా వాళ్లు ఆసుపత్రికి డబ్బు కడతారు.

"అంటే రోగాలకి నంబర్లు వేయడమా?" అంది అత్తగారు, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి. మెట్ల కింద బల్ల వేసుకుని వీధిలో వాళ్ల బట్టలు ఇస్త్రీ చేయడం ఆవిడ పని.

"అంతే అత్తయ్యా. మీ మోకాలి నొప్పి కుడిదా, ఎడమదా?"

"నొప్పికి అదెందుకే?"

"నంబరు మారిపోతుంది."

"మా ఇంట్లో ఇక నొప్పి కూడా నంబరు చెప్పి రావాలన్నమాట," అని చంటోడు నవ్వేవాడు. "కోడలన్నాక కోడింగు కాక ఇంకేం చేస్తుందిలే అమ్మా."

నేర్చుకోవడం ఒక ఎత్తు, ఉద్యోగం దొరకడం ఇంకో ఎత్తు. ఇంటర్వ్యూలకి కోడలికి తోడుగా అత్తగారే వెళ్లేది. ఎక్కడికి వెళ్లినా ఒకటే తంతు. అద్దాల తలుపు దగ్గర ఒకమ్మాయి ఫైలు అందుకుని, "ఎక్స్‌పీరియన్స్?" అనేది. లేదనగానే ఆ ఫైలు కిటికీ గట్టు మీదున్న దొంతరలోకి పోయేది. ఉన్నవాళ్లు లోపలికి, లేనివాళ్లు మెట్ల మీదికి. మధ్యాహ్నం దాకా కూచోబెట్టి, "కబురు చేస్తాం" అనేవారు. కబురు ఎప్పుడూ రాలేదు.

"పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు," అనేది అత్తగారు మెట్లు దిగుతూ. "అందరూ అనుభవం ఉన్నవాళ్లే కావాలంటే, మొదటివాడు ఎక్కడ చేశాడో?"

ఒకసారి మెట్ల మీదే ఒక బ్రోకరు తగులుకున్నాడు. రెండేళ్లు పని చేసినట్టు కాగితం పుట్టిస్తానన్నాడు. కోడలు తల అడ్డంగా ఊపింది. "జరగనిది రాయకూడదనే మాకు మొదట నేర్పింది," అంది. అతను అత్తగారి వైపు తిరిగి, "మీ అమ్మాయికి తెలివి ఎక్కువే గానీ లౌక్యం తక్కువండీ," అన్నాడు. అమ్మాయి కాదు కోడలు అని ఆవిడ సరిదిద్దలేదు.

అలా నెలలు గడిచాక ఒక శుక్రవారం, కోడలు మెట్ల మీదికి వచ్చిన తీరే వేరుగా ఉంది. చెప్పులు చేత పట్టుకుని దిగింది, పరుగెత్తడానికి అడ్డమన్నట్టు. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఇంటికొచ్చి, చంటోడిని కూచోబెట్టి, మొదటినుంచీ చెప్పింది. ఇంటర్వ్యూ చేసిన కళ్లద్దాలాయన ఒక కాగితం ఇచ్చాడట. రోగికి దగ్గు, జ్వరం. కింద డాక్టరు, న్యుమోనియా కావచ్చు అని రాశాడు. దేనికి నంబరు వేస్తావు అని అడిగాడు.

"నా పక్కనున్నావిడకి అయిదేళ్ల అనుభవం. టక్కున న్యుమోనియా వేసేసింది. నేను దగ్గు, జ్వరం వేశాను. నాదే సరైంది."

"మరి న్యుమోనియా ఎక్కడికి పోయిందే?" అంది అత్తగారు.

"వేయకూడదు అత్తయ్యా. చూపించుకుని ఇంటికెళ్లిపోయే రోగికి అనుమానం లెక్కలోకి రాదు. డాక్టరు తేల్చి రాసేదాకా ఆ జబ్బు లేనట్టే. ఆవిడ ఇన్నాళ్లూ చేసింది ఆసుపత్రిలో చేరినవాళ్ల కాగితాలట. వాళ్లకైతే అనుమానం కూడా వేస్తారు. ఆ అలవాటే ఆవిడని ముంచింది."

చంటోడు లేచి, కొక్కేనికున్న చొక్కా జేబులోంచి మడత పెట్టిన చీటీ తీశాడు. ఆ వారం మొదట్లో ఒక పొద్దున్న అతని ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి వేలాడింది. మాట ముద్దయిపోయింది. మొహం కడుక్కుని వచ్చేసరికి అంతా మామూలైపోయింది. తల్లి పట్టుబట్టి తీసుకెళితే డాక్టరు ఇచ్చిన చీటీ అది. ఆనాటినుంచీ చంటోడికి సరిగ్గా నిద్ర లేదని తల్లికి తెలుసు. వేళ్లు మడిచి తెరిచి, మడిచి తెరిచి చూసుకోవడం ఆవిడ కనిపెడుతూనే ఉంది.

"మేడం గారూ, మా బండికి కూడా ఓ నంబరు వేసి పెట్టండి," అన్నాడు.

కోడలు మొహంలో ఆ పొద్దుటి వెలుగు ఇంకా ఉంది. నిటారుగా కూచుని చదివింది. "చెయ్యి తిమ్మిరి, మాట తడబడటం. మెదడుకి రక్తం అందకపోవడం కావచ్చు, స్కాను తీయాలి."

"అంటే?"

"కావచ్చు అన్నారు కాబట్టి అది వేయకూడదు. మీకున్నది తిమ్మిరి, తడబాటు. అంతే."

"అంటే జబ్బు లేదు."

"కాగితం ప్రకారం లేదు."

చంటోడి భుజాలు ఒక్కసారి దిగాయి. ఎన్నాళ్లుగానో మోస్తున్న బస్తాని ఎవరో అందుకున్నట్టు ఊపిరి వదిలాడు.

"లేని జబ్బుకి స్కాను ఎందుకు రాశాడే?" అంది తల్లి.

"తేల్చుకోవడానికి అత్తయ్యా."

"తేలేదాకా మరి?"

కోడలు ఏదో చెప్పబోయింది. ఈలోగా చంటోడు ఓనరుకి ఫోను కలిపాడు, రేపు బండి తనే తీస్తానని.

"పోనీ ఆసుపత్రిలో చేర్పిద్దాం," అంది తల్లి, అతను ఫోను పెట్టేశాక. "చేరితే అనుమానం కూడా లెక్కే అన్నావుగా."

ఇద్దరూ పగలబడి నవ్వారు. "జబ్బుని పిలిచి పీట వేస్తావా అమ్మా," అన్నాడు చంటోడు. ఆవిడా నవ్వింది. ఆవిడ భయానికి ఆ ఇంట్లో చెల్లుబాటు లేదు మరి. మెరుపంటే భయం, గ్యాసు బండంటే భయం, చార్జరు గుచ్చి వదిలేస్తే భయం. అన్నిటికీ భయపడే మనిషి దేనికి భయపడినా ఎవరు వింటారు?

శనివారం పొద్దున్న అతను సంచి భుజాన వేసుకుని వెళ్లాడు. వెళ్లే మనిషిని కనుమరుగయ్యేదాకా చూడకూడదని తల్లికి వాళ్లమ్మ చెప్పేది, చూడాలని ఆవిడ అత్తగారు చెప్పేది. అందుకని ఆవిడ ఒక కన్ను మూసుకుని చూసింది. సందు మలుపులో అతను వెనక్కి తిరిగి, అది చూసి నవ్వాడు.

సోమవారం కోడలు ఉద్యోగానికి వెళ్లింది. రోగుల కాగితాలు ఎవరూ ఫొటో తీయకుండా అక్కడ ఫోన్లు లోపలికి రానివ్వరు. గుమ్మం బయటే ఇనప అరల్లో పెట్టి తాళం వేసుకోవాలి. తల్లి ఆ రోజంతా బట్టలు తెచ్చినవాళ్లందరికీ, మా కోడలు ఆఫీసుకి వెళ్లింది అని చెప్పుకుంది.

సాయంత్రం కోడలు వచ్చి చెప్పులు విప్పలేదు.

"పదండి అత్తయ్యా, వెళ్దాం."

"ఎక్కడికే?"

"ఆయన దగ్గరికి."

బస్సులో చెప్పింది. ఆ పొద్దున్న టోల్ గేటు వరసలో లారీ కదల్లేదట. వెనక బళ్లు హారను కొట్టి కొట్టి, ఎవరో దిగొచ్చి తలుపు తీస్తే స్టీరింగు మీద వాలి ఉన్నాడట. ఆసుపత్రిలో చేర్చి, అతని ఫోనులో ఇల్లు అని రాసున్న నంబరుకి చేశారు. అది కోడలి నంబరు. ఆపరేషనుకి మీరు ఒప్పుకోవాలి అని చెప్పడానికి మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నారు. ఫోను అరలో మోగుతూనే ఉంది.

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి అతని పడకలో ఇంకెవరో ఉన్నారు. నడవాలో ప్లాస్టిక్ కుర్చీల మీద ఇద్దరినీ కూచోబెట్టారు. ఎవరో కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంటే కోడలు చదవకుండా పెట్టింది. నేల వైపు చూస్తూ అంది.

"నేను అలా చెప్పకపోతే వెళ్లేవారు కాదు కదా అత్తయ్యా."

అవునన్న మాట తల్లి నాలుక చివరి దాకా వచ్చింది. ఆ పిల్ల చేతులు పట్టుకుంది. వేళ్లు మంచులా ఉన్నాయి.

"కన్నతల్లిని, నా మాటే వినలేదు వాడు. నీ మాట వింటాడా?" అంది.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కోడలు ఆ మాట పట్టుకుని ఏడ్చింది. శవాన్ని అంత దూరం తీసుకురాలేక దహనం అక్కడే కానిచ్చారు. ఆ తర్వాత వారం ఆఫీసువాళ్లు కబురు చేస్తే, వెళ్లనన్న కోడల్ని తల్లే బయల్దేరదీసింది. ఇద్దరు బతకాలి.

చంటోడు శనివారం పొద్దున్న వెళ్లాడు. సోమవారం మధ్యాహ్నం పోయాడు. ఇంటికి తిరిగి రాలేదు.