కుంకుమ పెట్టిన ఫ్లాపీలు

మా ఆయన దశరథం హుజూర్‌నగర్‌లో లెక్కల సారు. ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిన దగ్గర్నుంచి ఆయన నోట బ్యాకప్ తప్ప వేరే మాట లేదు. ఒకనాడు కూర మాడితే, "దీనికి బ్యాకప్ ఏదే?" అన్నాడు. నేను ఊరగాయ జాడీ చూపించాను.

అయినా ఆయన చెప్పేదాంట్లో న్యాయం ఉంది. ఆ కంప్యూటర్‌లో నేను టైపు చేసి పెట్టినవి మా అమ్మ బక్కమ్మ పాడిన పెళ్ళి పాటలు. భక్తి పాటలనుకునేరు! మగపెళ్ళివారిని వరసపెట్టి తిట్టే పాటలు. వియ్యపురాలి ముక్కు నుంచి మామగారి పంచె దాకా దేన్నీ వదిలిపెట్టదు మా అమ్మ. ఆమె పాడుతుంటే నేను కూర్చుని టైపు చేసేదాన్ని. చివరిది మా పెళ్ళిలో ఈయన మీద కట్టిన పాట. అది టైపు చేసిన కొన్నాళ్ళకే అమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాబట్టి నాకు ఆ డబ్బా అంటే ప్రాణం.

ఏర్పాట్లు మాత్రం ఈయన ఘనంగా చేశాడు. కంప్యూటర్ కూలబడితే లేపడానికి ఒక ఫ్లాపీ. పాటలెక్కించిన ఫ్లాపీలు ఒకటి టేబుల్ సొరుగులో, ఒకటి బీరువాలో, ఇంకొకటి పక్కింటి వజీరా దగ్గర.

"ఇల్లు కాలినా పాటలు బతకాలె," అన్నాడు. అలాంటి మాట నోటితో అనకూడదని కూడా తెలియదు ఆ మనిషికి.

దసరా వచ్చింది. ఆయుధపూజకు స్కూటర్, కుట్టుమిషన్, కత్తిపీట అన్నీ కడిగి పెట్టాం. "పనిముట్టు ఒక్కటి గూడ పూజకు తప్పొద్దు," అంటూ ఈయన సొరుగులోదీ బీరువాలోదీ లేపేదీ అన్ని ఫ్లాపీలూ తెచ్చి కంప్యూటర్ ముందు పేర్చాడు. విడివిడిగా దాచాలని ఏడాదంతా నా చెవిలో జోరీగలా పోరిన మనిషే! వజీరా దగ్గరిది కూడా తేవడానికి పోయాడు గానీ, ఆమె వదిన కాన్పుకని ఎప్పుడో అచ్చంపేట వెళ్ళింది. ఇంటికి తాళం. ఆ తాళానికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

"పై అట్టకు బొట్టు వెడితే లోపటికి అందుతదా?" అని ఒక్కో ఫ్లాపీకి ఉన్న రేకు పక్కకు జరిపి, లోపలి నల్లటి పొరకే పసుపు నీళ్ళు చల్లి, కుంకుమ అద్దాడు. తర్వాత కంప్యూటర్ ఆన్ చేశాడు.

"బంద్ వెట్టి చెయ్యరాదా అయ్యా," అన్నాను.

"పండుకున్నోనికి ఎవలన్న పూజ చేస్తరా?"

కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కంప్యూటర్ నెత్తిన పోశాడు. టప్పుమంది. లోపలి నుంచి పొగ వచ్చింది. ఊదుబత్తి ఖర్చు మిగిలింది. లేపే ఫ్లాపీ పెడదామంటే దాని నిండా కుంకుమే.

వజీరా తమ్ముడు గులాం నబీకి బజార్లో పెళ్ళికార్డులు వేసే కంప్యూటర్ షాపుంది. అన్నీ అక్కడికి మోసుకుపోయాం. అతను విప్పి చూసి, "సార్, దీంట్ల ఏం మిగల్లే. ఫ్లాపీలల్ల కుంకుమ ఎందుకు పోసిన్రు?" అని అడిగాడు.

"భక్తి ఎక్కువై," అన్నాను నేను.

ఇంటికొచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నోరు పోయిన బాధ నాకు అప్పుడు రెండోసారి తగిలింది.

వజీరా అచ్చంపేట నుంచి రాగానే సంగతి విని, సందూకు పెట్టెలో పెళ్ళి బట్టల కింద దాచిన ఫ్లాపీ తీసి, "అక్కా, నేను పూజ గిట్ల ఏం చెయ్యలే," అని నా చేతిలో పెట్టింది. నబీ షాపులో పాటలన్నీ ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. ఆనందం పట్టలేక గట్టిగా చదివాను. కార్డులు వేయించుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు తండ్రి లేచి బయటికి పోయాడు.

చివరి పాట మాత్రం లేదు. వజీరా ఊరికి వెళ్ళాకే దాన్ని టైపు చేశాం.

"ఒక్కటే గదా పోయింది. ఫికర్ జెయ్యకు," అన్నాడు మా ఆయన ఇంటికొచ్చాక. ముఖం చూస్తే కడుపులో చల్ల పోసినట్టుంది. అమ్మ అది విని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయన ఆమె వీపు వంక చూశాడు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి మంచం దగ్గర కుర్చీ వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"బారెడు మీసాల అల్లుడొచ్చిండే,
బర్రె ఎదురైతే గోడెక్కిండే..."

నేను నోరు తెరిచాను. రాగంతో సహా అక్షరం తప్పడం లేదు. "నీకెట్ల యాదికున్నదయ్యా?"

"ఊరంత నవ్విన్రు. ఎట్ల మరుస్తనే?" అని విసుక్కుని మళ్ళీ అందుకున్నాడు. అమ్మ ఇటు తిరిగింది. బాగున్న చేత్తో మంచంపట్టె మీద తాళం వేస్తోంది. నేను కాగితం వెతుక్కున్నాను. ఆయన రెండో చరణానికి పోబోయాడు. అమ్మ పట్టె మీద ఫట్‌మని చరిచింది.

"గంతేగదా అత్తమ్మా," అన్నాడు.

అమ్మ మళ్ళీ చరిచింది. ఆయన నా వైపు చూడకుండా తల వంచుకున్నాడు.

"గోడెక్కి వాళ్ళమ్మను పిలిచి ఏడ్చిండే..."

అమ్మ నోట్లో కదిలే సగం నవ్వింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతూనే ఇంకోసారి పట్టె చరిచింది. ఆయన ఆ ముక్క మళ్ళీ పాడాడు.