ఎర్తు లేని ప్లగ్గు

మధ్యాహ్నం పిడుగు ఎక్కడో దగ్గర్లోనే పడింది. ముందుగదిలో టీవీ టప్పుమని ఆరిపోయింది. దాని కిందున్న స్పీకర్లలోంచి కాలిన వాసన వచ్చింది. కుట్టుమిషను ముందున్న కోడలు పరుగెత్తుకొచ్చేసరికి మామగారు కుర్చీలో కూర్చుని నల్లటి తెర వంకే చూస్తున్నారు.

ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయింది. ఆస్పత్రివాళ్లిచ్చిన వీడియోలో ఒకావిడ నోరు పెద్దగా తెరిచి "ఆ... ఈ... ఊ..." అంటుంటే, చూస్తూ ఆయనా అనాలి. రోజుకు రెండుసార్లు, అరగంటేసి. కోడలు నడుం వాల్చేది ఆ అరగంటలోనే. మొగుడు లారీతో వెళ్తే పదిహేను రోజులకు గానీ ఇల్లు చేరడు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ వచ్చి, టీవీ విప్పి పెదవి విరిచాడు.

"బోర్డు పోయిందమ్మా. స్పీకర్లది కూడా."

"అదెలా అన్నా? కరెంటు ఎక్కువైతే ఆపుతుందనేగా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాం!"

అతను గోడ సాకెట్టు ఊడదీసి టార్చి వేశాడు. "ఇటు చూడు. మూడో కన్నం వెనక తీగే లేదు. ఎక్కువైన కరెంటు భూమిలోకి పోవడానికి దారి ఉండాలిగా. ఎర్తు లేకపోతే నీ ప్రొటెక్టర్ ఉత్త డబ్బా. పైగా కేబుల్ వైరు నేరుగా టీవీలోకే ఉంది. పిడుగు అటునుంచి కూడా వస్తుంది."

"కన్నం పెట్టినవాడు తీగ మర్చిపోయాడా?"

"కన్నం అందరికీ కనిపిస్తుంది, తీగ ఎవరు చూస్తారమ్మా!"

ఆమె గోడకు జారబడి కూర్చుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు.

అతను ఎర్తు తీగ లాగాడు. మబ్బు పట్టగానే ప్లగ్గులతో పాటు కేబుల్ కూడా పీకెయ్యమని చెప్పి, టీవీ పట్టుకుపోయాడు. కొత్త బోర్డు రావడానికి పది రోజులు పడుతుందట.

ఆ పది రోజులూ ఆమే మామగారి ఎదురుగా కూర్చుంది. "ఆ" అనబోతే ఆవులింత వచ్చేది. ఆయన ఆ ఆవులింతని కూడా అచ్చం అలాగే తీసేవారు. ఒకరోజు ఇద్దరికీ నవ్వాగలేదు. ఆయన నవ్వు ఒక పక్కకే సాగింది, అయినా నవ్వే.

పదకొండో రోజు టీవీ వచ్చింది. ఆమె వీడియో పెట్టి, హమ్మయ్య అనుకుంటూ చాప పరుచుకుంది. తెర మీద ఆవిడ "ఆ" అంది. మామగారు అనలేదు. బాగున్న చెయ్యెత్తి కోడలి వైపు చూపించి, పెదాలు కూడదీసుకుని, "ను... వ్వు" అన్నారు.

ఆర్నెల్లలో అదే మొదటి మాట. ఆమెకు ఏడుపొచ్చింది, దాంతోపాటే నిద్రా వచ్చింది.

"అయ్యో మామయ్యా, మళ్లీ నేనేనా!" అంటూ లేచి, టీవీ ఆపేసి, కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుంది.