కందిరీగ కింద సాలీడు

సూదుల బాబాయ్ ఊపిరి బిగబట్టి, పట్టకారుతో కందిరీగ మీసాన్ని సర్దుతున్నాడు. ఇప్పుడు తుమ్మొస్తే కొంప మునిగినట్టే. మ్యూజియంలో పురుగులను సూదికి గుచ్చి, వాటి కింద చీటీ పెట్టడం ఆయన ఉద్యోగం. ఇంట్లో చొక్కా గుండీ ఊడినా కనబడదు గానీ సాలీడు కళ్ళ లెక్క మాత్రం తప్పడని భార్య దెప్పుతుంటుంది. కింది వరుసలో నాలుగు చిన్నవి, పైన రెండు పెద్దవి, వెనక మరో రెండు. అలా ఉంటే అది తోడేలు సాలీడు అనే రకం.

చీటీ మీద ‘గుర్తించినవారు’ అన్నచోట ఎప్పుడూ ఆఫీసర్ల పేర్లే. ఈయన చెప్పేవాడు, వాళ్ళు తలూపేవారు, పేరు వాళ్ళది పడేది. ఆయనకు అదేమీ పట్టదని అందరూ అనుకునేవారు.

ఆరోజు కొత్తగా వచ్చిన ఆఫీసరు మేడమ్ విరిగిన నమూనాలను ఏరి బుట్టలో వేస్తోంది. ఈ కందిరీగతో పాటు దొరికిన సాలీడును చూసి మొహం చిట్లించింది. ఎనిమిది కాళ్ళలో ఒకటే మిగిలింది.

“ఇది పనికిరాదు బాబాయ్, పారెయ్యండి.”

ఏనాడూ ఎదురు చెప్పని మనిషి కుర్చీలోంచి లేచాడు.

“వద్దమ్మా! కాళ్ళు మన చేతుల్లో విరగలేదు. గూటికి మోసుకెళ్ళడానికి అడ్డమని కందిరీగే కొరికేసింది. మొదళ్ళు చూడండి, తడి ఊరి గడ్డకట్టింది. ఎండినవి విరిగితే అలా ఉండదు. అలా కాళ్ళు కొరికే కందిరీగల రకం వేరు. ఈ సాలీడు పోతే అది ఏ రకమో చెప్పలేం, ఉత్త కందిరీగే.”

మేడమ్ మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు లేవలేదు. లేచాక ఆమె మొహంలో సిగ్గూ సంతోషమూ కలిసి ఉన్నాయి.

“గుర్తించింది మీరు. చీటీ మీద మీ పేరే రాయండి. ఇంకోలా రాస్తే ఊరుకోను.”

“నా పేరెందుకమ్మా...” అని నసిగాడు గానీ, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పాపం, ఎంత ఆశపడ్డాడో! సాయంత్రం దాకా కూర్చుని, చీమతలకాయంత అక్షరాలతో రాసి, గుచ్చి, పెట్టె మూసి వెళ్ళాడు.

మర్నాడు కుర్చీ ఖాళీగా ఉంది. పదింటికి ఆయన కోడలు ఫోన్ చేసింది.

“మామయ్య పొద్దున కాఫీకి లేవలేదండీ. నిద్రలోనే వెళ్ళిపోయారు.”

మేడమ్ పెట్టె తెరిచింది. ‘గుర్తించినవారు’ ఎదురుగా ఆమె పేరే ఉంది. ముప్పై ఏళ్ళ అలవాటు. మనసు ఏమనుకుందో గానీ, చెయ్యి మాత్రం ఆఫీసరు పేరే రాసేసింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

గుచ్చిన చీటీని, తప్పయినా సరే, తియ్యకూడదన్నది అక్కడి పద్ధతి. సరిదిద్దే చీటీని దాని కిందే గుచ్చాలి. ఆమె ఆయన కలంతోనే రాసింది. ఇప్పుడు ఆ సూదికి పైన కందిరీగ, దాని కింద అట్టముక్క మీద ఒంటికాలి సాలీడు, ఆ కింద ఆయన చేతిరాతలో ఆమె పేరు, అన్నిటికంటే అడుగున ఆమె చేతిరాతలో ఆయన పేరు.