సూది పొడవనివ్వని స్ఫటికం

మా ప్రొఫెసర్‌ని ల్యాబ్‌లో అందరం మహర్షి అంటాం. తపస్సు చేస్తాడని కాదు, ఎవరు ఏం చెప్తున్నా కళ్ళు మూసుకుంటాడని. మా ప్రోటీన్ ఆకారం ఏమిటో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే ముందు దాన్ని స్ఫటికం కట్టించాలి. ఆ స్ఫటికం మీద ఎక్స్‌రే పడితే తెర మీద చుక్కలు వస్తాయి, ఆ చుక్కల లెక్కలోంచి ఆకారం తేలుతుంది. ఈ మాత్రం మహర్షికీ ఒకప్పుడు తెలిసే ఉంటుంది.

డాక్టరేట్ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగం, అదే పోస్ట్‌డాక్, మా దగ్గర ఒక్కటే ఖాళీ. నేను అప్పటికే అక్కడ తాత్కాలికంగా ఆ ప్రోటీన్‌తో కాపురం చేస్తున్నాను. నా గడువు ఆ నెలతో సరి. ఉద్యోగం వస్తే ప్రోటీన్ నాది. రాకపోతే బావ నడిపే కోచింగ్ సెంటర్‌లో పిల్లల చేత జీవశాస్త్రం బట్టీ పట్టించాలి. "నీ కుర్చీ ఖాళీగానే ఉందమ్మా, ఎప్పుడైనా వచ్చెయ్" అని బావ ప్రేమగానే అనేవాడు. ఆ ప్రేమకే నాకు ఒళ్ళు మండేది.

నాకు పోటీ అల్లుడుగారు. మహర్షికి కూతుళ్ళు లేరు. కానీ ఏదో పెద్ద ల్యాబ్ నుంచి ఆ కుర్రాడు దిగిన రోజు నుంచి కొత్తల్లుడికి చేసే మర్యాదలన్నీ చేస్తుంటే ఆ పేరు పెట్టక తప్పలేదు. కిటికీ పక్క బల్ల వాడికి, కొత్త మైక్రోస్కోపు వాడికి. వాడు నోరు విప్పితే మాత్రం ఈయన కళ్ళు తెరిచేవాడు.

ముందు స్ఫటికాలు వచ్చింది నా ప్లేటులోనే. ప్లేటులోని చిన్న గుంటలో రసాయనాలు కలిపిన మందు నీళ్ళు పోసి, దానిపైన అదే మందు కలిపిన చుక్క ప్రోటీన్ పెట్టి, మూత బిగించి చల్లటి గదిలో వదిలేస్తాం. దానికి బుద్ధి పుడితే స్ఫటికం కడుతుంది. నా వాటికి సగం బుద్ధే పుట్టింది. సన్నగా, వంకరటింకరగా చిక్కుపడి ఉన్నాయి. మహర్షి తొంగి చూసి మొహం చిట్లించాడు.

"ఏంటమ్మా ఈ గడ్డి?"

"ప్రోటీనే సార్. సూదితో తాకితే మెత్తగా నలిగింది. ఇంకాస్త టైమిస్తే లావుగా పెంచుతాను."

"గడ్డి పెంచడానికా జీతాలిస్తోంది?"

అల్లుడుగారు కిసుక్కున నవ్వాడు.

ఆ వారమే వాడి ప్లేటులో పెద్ద పెద్ద పలకలు తేలాయి. కలకండ ముక్కల్లా మెరుస్తున్నాయి. నిజం చెప్పొద్దూ, చూడగానే నా కడుపు రగిలిపోయింది. ఆ తర్వాత అనుమానం వచ్చింది. మహానుభావుడు ప్రోటీన్‌ని ఫాస్ఫేట్ నీళ్ళలో ఉంచాడు, గుంటలో పోసిన మందులో కాల్షియం ఉంది. ఆ రెండూ కలిస్తే ఒకరకం ఉప్పే రాయి కడుతుంది, ప్రోటీన్ అక్కర్లేదు. ఈ పనిలో అడుగుపెట్టిన ప్రతివాడికీ మొదట్లోనే చెప్పే జాగ్రత్త అది. ఇంతింత చదువులు చదివి పప్పులో కాలేశాడు.

ఇలాంటప్పుడు మా వాళ్ళు చేసే పని ఒకటుంది. ఒక స్ఫటికాన్ని సూదితో పొడుస్తారు. ప్రోటీన్ అయితే మెత్తగా నలిగిపోతుంది, ఉప్పయితే టక్కుమని విరుగుతుంది. ఒక్క స్ఫటికం ఖర్చుతో అనుమానం తీరిపోతుంది.

"ఒక్కటి పొడిచి చూద్దాం సార్" అన్నాను.

"శుభమా అని క్రిస్టల్ వస్తే సూదులూ గునపాలూ అంటావేంటమ్మా? కావాలంటే నీ గడ్డిని పొడుచుకో."

"మేడమ్‌కి అందని ద్రాక్ష సార్" అన్నాడు అల్లుడుగారు.

ఇక ఇంటర్వ్యూ ఒక తంతు. ఉద్యోగం వాడికి ఇచ్చేశారు. మహర్షి అంతటితో ఆగాడా? ఆ పలకల్ని ఫొటో తీయించి, కిటికీ అంత సైజులో ఫ్రేము కట్టించి, 'మా ప్రోటీన్ తొలి స్ఫటికం' అని వరండాలో తగిలించాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఎక్స్‌రే యంత్రం వేరే ఊళ్ళో ఉంది. స్ఫటికాలను అక్కడికి పంపితే చుక్కలు ఇక్కడ మా తెర మీద కనిపిస్తాయి. ఆ ముహూర్తానికి డైరెక్టర్‌ని కూడా పిలిచారు. ప్రోటీన్ అయితే తెర నిండా చుక్కలు కిక్కిరిసిపోవాలి. వచ్చినవి లావుపాటి చుక్కలు, అక్కడోటి ఇక్కడోటి.

స్పీకరులోంచి యంత్రం ఆపరేటర్ గొంతు వినిపించింది. "సార్, ఇది ఉప్పు."

"ఇంకోటి పెట్టి చూడవయ్యా" అన్నాడు మహర్షి.

"పంపినవన్నీ పెట్టేశాను సార్. అన్నీ ఉప్పే."

డైరెక్టర్ టీ కప్పు కింద పెట్టాడు. "ఏంటండీ ఇది? ఎక్కడ తప్పు జరిగిందో సాయంత్రానికి నాకు చెప్పండి" అని వెళ్ళిపోయాడు.

కాసేపటికి మహర్షి నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. నా ఎదుట ఆయన కళ్ళు అంత పెద్దవిగా ఎప్పుడూ చూడలేదు.

"చూడమ్మా, మందులు నువ్వే కలిపావని చెప్దాం. ఎలాగూ నీ గడువైపోతోంది, నీకు పోయేదేముంది? కుర్రాడికి బోలెడు భవిష్యత్తుంది. నీకు వచ్చే నెల ఇంకో పోస్టు నేను పుట్టిస్తాను. ప్రోటీన్ నీకే వదిలేస్తా, సరేనా?"

చెప్పుతో కొట్టాలనిపించింది. అయినా సిగ్గు విడిచి చెప్తున్నాను, సరేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క అబద్ధం, ప్రోటీన్ నాది. కోచింగ్ సెంటర్ ఉండదు.

"ఒకసారి నా ప్లేటు చూసొస్తాను సార్" అన్నాను.

చల్లటి గదిలో నా అర నిండా అల్లుడుగారి ప్లేట్లే ఉన్నాయి. వాడు నా వెనకే వచ్చి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నా ప్లేటేది?"

"అది... చోటు చాల్లేదు మేడమ్. సార్ తీసెయ్యమన్నారు. బ్లీచింగ్ నీళ్ళలో వేసేశాను."

"ఎప్పుడు?"

"నా క్రిస్టల్స్ వచ్చిన రోజే."

మాటిమాటికీ కదిలిస్తే పెరగవని అన్నాళ్ళూ నేను ఆ గది తలుపే తియ్యలేదు. ఉప్పుకి చోటు కోసం ప్రోటీన్‌ని పారబోశారు. ఆ చలిలో కూడా నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

సాయంత్రం డైరెక్టర్ వచ్చాడు. మహర్షి గొంతు సవరించుకుని, "ఈ అమ్మాయి మందులు కలపడంలో..." అని మొదలెట్టాడు. నేను చల్లటి గదిలో మిగిలిన అల్లుడుగారి ప్లేటు ఒకటి తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి, మూత తీసి, సూది డైరెక్టర్ చేతికిచ్చాను.

"మీరే పొడవండి సార్."

ఆయన పొడిచాడు. టక్కుమంది. గదిలో అందరికీ వినిపించింది.

"రాయిలా ఉందే!"

"క్రిస్టల్స్ వచ్చిన రోజే చెయ్యాల్సిన పని సార్ ఇది. చేస్తానంటే వద్దన్నారు. ఆ మందు కలిపింది నేను కాదు. నేను పెంచింది బ్లీచింగ్ బకెట్‌లో పోయింది."

డైరెక్టర్ రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. "సరే సరే, మీలో మీరు చూసుకోండి" అన్నాడు. అంతే. పెద్దమనిషి! ఆర్డర్ మీద సంతకం అయిపోయింది కాబట్టి ఉద్యోగం అల్లుడుగారిదే. నేను వచ్చేసేటప్పుడు వరండాలో ఆ ఫొటోకి దుమ్ము దులుపుతున్నారు.

"పోతే పోయిందిలేవే వెధవ ఉద్యోగం" అంది అక్క. ఉద్యోగం కోసం నేను ఏడవడం లేదని దానికి ఎలా చెప్పను?

కోచింగ్ సెంటర్‌లో పాఠం మధ్యలో ఒకరోజు ఫోన్ మోగింది. అల్లుడుగారు.

"మేడమ్, మీ గడ్డి... అదే, మీ క్రిస్టల్స్ ఏ మందులో వచ్చాయి? సార్ అడగమన్నారు."

ఆ మందు నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పేంత కంఠతా వచ్చు.

"మీ మహర్షిని తపస్సు చెయ్యమను నాయనా. దేవుడు ప్రత్యక్షమై చెప్తాడు" అని పెట్టేశాను.

పిల్లలు ఎదురు చూస్తున్నారు. బోర్డు వైపు తిరిగి 'ప్రోటీన్' అని రాయబోయాను. సుద్దముక్క విరిగి కింద పడింది.