కొలతలాయన దిబ్బెక్కిన మంగళవారం

మా సందు చివర మూడు మేడల ఎత్తు ఇసుకదిబ్బ ఉంది. నేను కాపురానికొచ్చిన రెండో ఏడు సముద్రం ఇంత వెనక్కి పోయి, అంతకు పదింతలు ముందుకొచ్చి వీధిని కడిగేసినప్పుడు, పెద్దవాణ్ణి కడుపులో పెట్టుకుని ఆ దిబ్బే ఎక్కాను. ఎక్కినవాళ్లం మిగిలాం. ఎక్కనివాళ్ల పేర్లు ఇప్పటికీ వరుసగా చెప్పగలను, మా అత్తగారితో మొదలుపెట్టి. పొయ్యి మీద పాలున్నాయని ఆగిపోయింది ఆవిడ.

ఆ దిబ్బలో నల్ల ఇసుక ఉందనీ, దాన్ని తవ్వుకుపోతామనీ ఒక కంపెనీ దిగింది. వాళ్ల ఇంజినీరు టేపు పట్టుకుని మా దడి నుంచి కుక్క దాకా అన్నీ కొలిచాడు. కొలతలాయన అని పేరు పెట్టాం. మర్యాదస్తుడే, అబద్ధమాడకూడదు. కానీ ఇక్కడికి మళ్లీ అలలు రావు, లెక్కలన్నీ వేశామని అన్నప్పుడు నాకు చిర్రెత్తింది. సముద్రం ఈయన్ని అడిగి వచ్చేటట్టు.

తవ్వనివ్వాలా వద్దా తేల్చడానికి సర్కారు పంపిన ఆఫీసరమ్మ బడి హాల్లో జనం మాట వింటానంది. ఏ రోజైతే బాగుంటుందని వీధిలో పెద్దదాన్నని నన్నడిగారు. నెల మొదటి మంగళవారం, పొద్దున పదిన్నరకు అన్నాను. మంగళవారమే ఎందుకని మా ఆయన ఆరా తీశాడు. ఆ రోజు మోకాలి నొప్పి తక్కువగా ఉంటుందన్నాను. ఇన్నేళ్లు కాపురం చేసినవాడు, నమ్మలేదు.

అసలు సంగతి, రేవు ఆఫీసులో అలల సైరన్ చూసేది మా చిన్నకోడలు. నెలకోసారి, మొదటి మంగళవారం పదకొండింటికి, పనిచేస్తోందో లేదోనని ఒక్క నిమిషం మోగిస్తుంది. రేవు గోడ మీద ఆ ముక్క చేయంత అక్షరాల్లో రాసుంది. కూడబలుక్కుని చదివే నాకే తెలుసు. గోడ కొలిచినాయన చదవలేదు.

ఆ రోజు ఆయన పటం తగిలించి, కర్రతో చూపిస్తూ, దిబ్బ ఉన్నా లేకపోయినా ఒకటేనని నచ్చజెబుతున్నాడు. ఉద్యోగాలిస్తామన్నాడేమో, సగం తలలు ఊగడం మొదలెట్టాయి. నేను గోడ గడియారం కేసి చూశాను. సరిగ్గా అప్పుడే సైరన్ అందుకుంది.

మేమెవ్వరం కదల్లేదు. బుట్ట అల్లుతున్న మా తోడికోడలు చెయ్యి కూడా ఆపలేదు. కొలతలాయన మాత్రం కర్ర పారేసి, బెంచీ దూకి, ఒక బూటు గుమ్మంలో వదిలేసి, ఒకటే పరుగు. ఆఫీసరమ్మ లేవబోతే, ఇది నెలనెలా చేసే పరీక్షేనని మా ఆయన కూర్చోబెట్టాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది. కొలతలాయన అప్పటికే దిబ్బ కొసన ఉన్నాడు.

బూటు పట్టుకుని, మోకాలిని తిట్టుకుంటూ నేనూ ఎక్కాను. నా వెనక ఆఫీసరమ్మ, ఆవిడ వెనక వీధంతా. సముద్రం నెమరేసే ఆవులా తన పని తాను చూసుకుంటోంది. ఆయన రొప్పుతున్నాడు.

"ఇదిగో నాయనా, నీ బూటు" అన్నాను. "ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. దీన్ని తవ్వేశాక సైరన్ మోగితే ఎక్కడికి ఎక్కుతావు?"

ఆయన బూటు లేసుతో కుస్తీ పట్టాడు. ముడి ఎంతకీ పడలేదు.

"చెప్పండి, రాసుకుంటాను" అంది ఆఫీసరమ్మ.

"ఎక్కడానికి ఇంకేం లేదు మేడమ్" అన్నాడు, నేల చూస్తూ.

ఆ మాటే రాసి, అక్కడే ఆయన చేత సంతకం పెట్టించింది. ఆ కాగితం పుణ్యమా అని అనుమతి రాలేదు.

దిగేటప్పుడు నా మోకాలు మొరాయిస్తే ఆ కొలతలాయనే చెయ్యిచ్చి దింపాడు.

"మంగళవారం నొప్పి తక్కువన్నావుగా" అన్నాడు మా ఆయన వెనకనుంచి.